రన్నింగ్ డే (పాత బస్సుల యాత్ర)

రన్నింగ్ డే అనగా సేవ నుండి విరమించిన పాత బస్సులను, అవి ఒకప్పుడు తిరిగిన మార్గాలలోనే, ఒక రోజుపాటు మళ్ళీ నడిపే ఔత్సాహికుల కార్యక్రమం. ఇది ప్రధానంగా బ్రిటన్‌లో పుట్టి పెరిగిన ఆచారం. ఆ రోజున పాత బస్సు పాత నంబరుతో, పాత గమ్యఫలకంతో, వీలైతే పాత యూనిఫారంలో ఉన్న కండక్టరుతో సహా, పాత ఆగుడు స్థలాల వద్ద ఆగుతూ వెళ్తుంది. తెలుగు పాఠకులకు దగ్గరి పోలిక చెప్పాలంటే, హైదరాబాదులో ఎప్పుడో ఆగిపోయిన 7జెడ్ డబుల్ డెక్కరు ఒక ఆదివారం ఉదయం జూపార్కు దగ్గర బయలుదేరి, అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్, హుస్సేన్‌సాగర్ మీదుగా సికింద్రాబాదు స్టేషనుకు చేరినట్లు ఊహించుకోవచ్చు. అటువంటిది మన వద్ద ఇంతవరకు ఎందుకు జరగలేదో ఈ వ్యాసం చివరి భాగంలో వివరించబడినది.

స్వరూపం

పాత వాహనాల కార్యక్రమాలు మూడు రకాలు. మొదటిది ప్రదర్శన. ఒక మైదానంలో బండ్లను వరుసగా నిలబెట్టి చూపడం. రెండవది ర్యాలీ. ఒక చోటి నుండి మరొక చోటికి బండ్లన్నీ కలిసి వెళ్ళడం. ప్రతి సంవత్సరం మే నెలలో లండన్ నుండి సముద్రతీర పట్టణమైన బ్రైటన్‌కు జరిగే పాత వాణిజ్య వాహనాల పరుగు ఈ రకానికి చెందినది. ఇది 1962లో మొదలైనది. ఈ రెండింటిలోను బస్సు చూడదగిన వస్తువు మాత్రమే.

మూడవదైన రన్నింగ్ డేలో బస్సు తన పని తాను చేస్తుంది. ఇందులో టైంటేబులు ఉంటుంది. ప్రయాణికుడు ఆగుడు స్థలం వద్ద నిలబడి చెయ్యి ఎత్తాలి. బస్సు ఆలస్యమైతే ఎదురుచూడాలి, నిండిపోతే తరువాతి బస్సు కోసం ఆగాలి. అంటే ఇక్కడ భద్రపరచబడేది ఇనుము, అల్యూమినియం, సీట్ల గుడ్డ మాత్రమే కాదు. ఆ దారి, ఆ దారిలో ఆ బండి పలికే శబ్దం, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మారే చోటు, పై అంతస్తు కిటికీకి చెట్ల కొమ్మలు రాసుకొనే మలుపు కూడా అందులో భాగమే. వీటిని ఏ మ్యూజియం గదిలోను పెట్టడం సాధ్యం కాదు కనుక ఔత్సాహికులు ప్రదర్శనలకంటె ఈ యాత్రలనే ఎక్కువగా ఇష్టపడతారు.

చరిత్ర

లండన్ నగరం తన రోడ్డు వాహనాలను ఒక్కొక్క తరం చొప్పున పూర్తిగా వదిలించుకొంటూ వచ్చింది. ట్రాములు 1952 జూలైలో, ట్రాలీబస్సులు 1962 మే 8న ఆగిపోయాయి. 1939 నుండి 1954 వరకు తయారై, యుద్ధానంతర లండన్‌కు చిహ్నంగా నిలిచిన ఆర్.టి. రకం బస్సులు 1979 ఏప్రిల్ 7న బార్కింగ్ ప్రాంతపు 62వ నంబరు మార్గంలో చివరిసారిగా తిరిగాయి. ఈ కుటుంబానికి చెందిన బస్సుల సంఖ్య దాదాపు 7,000. ఇంత పెద్ద సంఖ్యలో ఒకే రకం బస్సు ఒక నగరం నుండి తొలగిపోవడంతో వాటిలో కొన్నిటినైనా కాపాడాలనే ఆలోచన చాలామందికి కలిగినది.

అయితే ఆ ఆలోచనకు నాంది అంతకు చాలా ముందే పడింది. 1956లో కొందరు యువకులు డబ్బు పోగుచేసి, లండన్ ట్రాన్స్‌పోర్టు వారు తీసివేసిన టి-31 అనే ఒంటి అంతస్తు బస్సును కొన్నారు. ఇది 1929లో ఏ.ఇ.సి. సంస్థ తయారుచేసిన రీగల్ రకం బండి. బ్రిటన్‌లో భద్రపరచడం కోసమే ప్రైవేటు వ్యక్తులు కొన్న తొలి బస్సులలో ఇది ఒకటి. కారును దాచుకోవడానికి ఇంటి పక్కన షెడ్డు చాలును గాని బస్సుకు చాలదు. ఈ కష్టం నుండే సంఘాలు పుట్టాయి. పొలాలలోని ధాన్యపు కొట్లు, పాత విమానాల షెడ్లు అద్దెకు తీసుకొని పదిమంది పది బస్సులను ఒకే చోట పెట్టుకోవడం మొదలైనది. సర్రే జిల్లాలోని కోభం వద్ద ఇటువంటి షెడ్డులో పెరిగిన సేకరణే 2011లో బ్రూక్‌లాండ్స్‌కు తరలి, లండన్ బస్ మ్యూజియం అయినది. టి-31 ఈ సేకరణకు చెందినదే.

కోభం వంటి చోట్ల ఏడాదికొకసారి తలుపులు తెరిచి, చూడవచ్చినవారిని దగ్గరలోని రైల్వే స్టేషను నుండి పాత బస్సులలోనే తీసుకువచ్చేవారు. కాలక్రమంలో మ్యూజియం చూడడానికి వచ్చినవారికంటె ఆ బస్సు ఎక్కడానికి వచ్చినవారు ఎక్కువయ్యారు. ససెక్స్‌లోని ఈస్ట్ గ్రిన్‌స్టెడ్, బకింగ్‌హాంషైర్‌లోని అమర్షం వంటి చిన్న పట్టణాలు ఈ యాత్రలకు పేరు పొందాయి. ఇవన్నీ ఒకప్పుడు లండన్ ట్రాన్స్‌పోర్టు వారి పచ్చరంగు గ్రామీణ బస్సులు తిరిగిన ప్రాంతాలు. ఆ విభాగం 1970 జనవరి 1న వేరే సంస్థకు బదిలీ అయిన తరువాత పాత మార్గాలు ఒక్కొక్కటిగా ముక్కలయ్యాయి, లేదా రద్దయ్యాయి. క్రాయ్‌డన్ నుండి గాడ్‌స్టన్ మీదుగా ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వెళ్ళే 409 వంటి నంబర్లను ఆ ప్రాంతపు వృద్ధులు నేటికీ ఊరి పేరంత సహజంగా పలుకుతారు. ఎసెక్స్‌లోని ఎన్‌సైన్ బస్సు సంస్థ పాత బస్సులతో డిసెంబరు మొదటి శనివారం నాడు నిర్వహిస్తూ వచ్చిన యాత్ర వలన ప్రసిద్ధి చెందినది. చలిలో, వేడిసాధనం లేని పాత బస్సులలో ప్రయాణం చేయడానికి వచ్చేవారిని చూస్తే వీరి పట్టుదల అర్థమవుతుంది.

రూట్‌మాస్టర్

ఈ యాత్రలలో ఎక్కువగా కనిపించే బస్సు రూట్‌మాస్టర్. దీనిని లండన్ ట్రాన్స్‌పోర్టు ఇంజనీర్లే ఏ.ఇ.సి., పార్క్ రాయల్ సంస్థలతో కలిసి రూపొందించారు. మొదటి నమూనా ఆర్.ఎం.1 1954లో ప్రదర్శించబడి, 1956 ఫిబ్రవరి 8న 2వ నంబరు మార్గంలో ప్రయాణికులను ఎక్కించుకొన్నది. 1968 వరకు మొత్తం 2,876 తయారయ్యాయి. విమానాల తయారీలో నేర్చుకొన్న పద్ధతులతో అల్యూమినియం శరీరాన్ని నిర్మించి, విడిగా ఛాసిస్ లేకుండా చేయడం దీని ప్రత్యేకత. అందువలన 64 మంది కూర్చోగల ఈ బస్సు, 56 మంది కూర్చొనే ఆర్.టి. కంటె బరువులో ఏమంత ఎక్కువ కాలేదు. పవర్ స్టీరింగు, ఆటోమాటిక్ గేరు, ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షను వంటివి ఆనాటి బస్సులకు అరుదైన సౌకర్యాలు.

వెనుక భాగంలో తలుపు లేకుండా తెరచి ఉండే మెట్టు దీని అసలు గుర్తు. బస్సు సిగ్నలు దగ్గర ఆగితే దిగవచ్చు, పరుగెత్తి ఎక్కవచ్చు. ఆ మెట్టు మీద నిలబడే కండక్టరు తాడు లాగితే గంట మోగుతుంది. ఒక గంట ఆపమని, రెండు గంటలు పోనిమ్మని, మూడు గంటలు బస్సు నిండిపోయినదని డ్రైవరుకు సంకేతం. మన ఆర్టీసీ బస్సులలో "రైట్ రైట్" అని వినబడేదంతా ఆ రెండు గంటలలో ఉన్నది.

ఔత్సాహికులకు ఇష్టమైన చర్చ ఒకటి ఈ బస్సుల గుర్తింపునకు సంబంధించినది. లండన్ బస్సులను కొన్ని సంవత్సరాలకొకసారి ఆల్డెన్‌హాం అనే భారీ కర్మాగారంలో పూర్తిగా విప్పి బాగుచేసేవారు. పై శరీరాన్ని ఎత్తివేసి, చక్రాలు, ఇంజను ఉన్న కింది భాగాలను వేరే వరుసలోకి పంపేవారు. వరుస చివర మళ్ళీ కలిపేటప్పుడు పాత శరీరానికి పాత భాగాలే దొరకాలని నియమం లేదు. బయటికి వచ్చే బస్సుకు మాత్రం లోనికి పోయిన బస్సు నంబరే తగిలించేవారు. కనుక ఒక ఔత్సాహికుడు తన చిన్ననాటి ఊరి బస్సు అని అపురూపంగా చూసుకొనే బండిలో ఆ ఊరు ఎన్నడూ చూడని భాగాలే ఎక్కువ ఉండవచ్చు. ఈ కర్మాగారం 1986లో మూతబడినది. దీని వలన యాత్రలకు వచ్చిన నష్టమేమీ లేదు. నంబరు, మార్గం సరిపోతే చాలునని చాలామంది అభిప్రాయం. ఈ వ్యాసంలో పైన చెప్పిన విషయాన్ని, అంటే బస్సుకంటె సేవ ముఖ్యమన్న దానిని, ఇది బలపరుస్తున్నది.

రూట్‌మాస్టర్‌కు ముందు పుట్టిన బస్సులే కాక తరువాత పుట్టినవి కూడా అనేకం దానికంటె ముందే తుక్కు కిందికి పోయాయి. అది మాత్రం 2005 డిసెంబరు 9 వరకు నడిచినది. ఆ రోజు మధ్యాహ్నం 159వ నంబరు మార్గంలో ఆర్.ఎం.2217 చివరి ప్రయాణం చేసినప్పుడు దారి పొడవునా జనం గుమిగూడారు. అంతకు కొద్ది వారాల ముందు, నవంబరు 14న, పర్యాటకుల కోసం 9, 15 నంబర్ల మార్గాలలో కొంత దూరం వారసత్వ సేవగా రూట్‌మాస్టర్లను నడపడం మొదలుపెట్టారు. 9వ నంబరు సేవ 2014 జూలైలో ముగిసినది. 15వ నంబరు సేవను 2019లో వారాంతాలకు, సెలవు దినాలకు కుదించారు. కోవిడ్ వచ్చిన తరువాత అది తిరిగి మొదలుకాలేదు. కాబట్టి ఇప్పుడు లండన్ రవాణా సంస్థ సాధారణ సేవలలో పాత రూట్‌మాస్టర్ లేదు. దానిని దాని దారిలో చూడాలంటే ఔత్సాహికుల యాత్రలే ప్రధానమైన ఆధారం. వెయ్యికి పైగా రూట్‌మాస్టర్లు ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మిగిలి ఉన్నవి. వీటిలో పెళ్ళి బండ్లుగా, ఫలహారశాలలుగా మారినవి కూడా ఉన్నాయి.

యాత్ర జరిగే తీరు

యాత్రకు కొన్ని నెలల ముందే నిర్వాహకులు టైంటేబులు తయారుచేస్తారు. ఇది అనుకొన్నంత తేలిక కాదు. యాభై ఏళ్ళ క్రితపు టైంటేబులు యథాతథంగా నేటి రద్దీకి సరిపోదు. పాత మార్గంలో కొంత భాగం ఇప్పుడు ఒకవైపు రోడ్డయి ఉండవచ్చు, బస్‌స్టేషను స్థానంలో బజారు వెలిసి ఉండవచ్చు. తక్కువ ఎత్తున్న వంతెనలు, కొత్తగా వేసిన స్పీడ్‌బ్రేకర్లు, రోడ్డుమీదికి పెరిగిన చెట్లు, వీటన్నిటిని ముందుగా ఒకరు వెళ్ళి చూసి వస్తారు. ఆ తరువాత ఏ మార్గానికి ఏ బస్సు అన్న పంపకం జరుగుతుంది. ఫలానా డిపోలో పనిచేసిన బస్సు ఫలానా మార్గంలోనే నడవాలని పట్టుబట్టేవారు ఎక్కువ కనుక ఈ పంపకం పెళ్ళి పందిట్లో వియ్యాలవారి వరుసలు చూసినంత పని అవుతుందనడంలో అతిశయోక్తి లేదు.

బస్సు నుదుటన ఉండే గమ్యఫలకం గుడ్డతో చేసిన పొడవైన చుట్ట. దానిమీద డిపోకు చెందిన మార్గాలన్నీ వరుసగా అచ్చువేసి ఉంటాయి. పిడి తిప్పితే కావలసిన పేరు వస్తుంది. సేవ నుండి తీసేటప్పుడు ఈ గుడ్డచుట్టలు చెత్తలో పారవేయబడ్డాయి. ఇప్పుడు అవి వేలంలో అమ్ముడవుతున్నాయి. దొరకనివారు అదే అక్షరాల శైలిలో కొత్తవి అచ్చు వేయించుకొంటారు. డిపో గుర్తు ఉండే చిన్న రేకులు, లోపల అతికించే ఆనాటి ప్రకటనలు, సీట్ల మీది గళ్ళ గుడ్డ కూడా ఇదే శ్రద్ధతో సమకూర్చబడతాయి.

కండక్టరు మెడలో గిబ్సన్ టికెట్ యంత్రం వేలాడుతుంది. కాగితపు చుట్ట మీద ఛార్జీని, తరగతిని అక్కడికక్కడే ముద్రించి ఇచ్చే ఈ యంత్రం లండన్‌లో 1993 వరకు వాడుకలో ఉండేది. దాని పిడి తిప్పినప్పుడు వచ్చే కరకర శబ్దం పై అంతస్తు వరకు వినబడుతుంది. యాత్రలలో ఇచ్చే టికెట్టు చాలాసార్లు జ్ఞాపకార్థమే. ఖర్చులు కార్యక్రమ పుస్తకం అమ్మకం నుండి, రోజు పాసుల నుండి, విరాళాల నుండి వస్తాయి.

వచ్చేవారిలో కెమెరాలు, నోటు పుస్తకాలు పట్టుకొన్న పురుషులే అధికమన్న మాట నిజమే. ఇంజను శబ్దాన్ని రికార్డు చేసుకొనేందుకు కింది అంతస్తులో ముందు సీటు కోసం పోటీపడేవారు వేరు. కాని దారిలో ఎక్కేవారు ఇంకొక రకం. ఆ ఊరిలో పుట్టి, ఆ బస్సులోనే బడికి పోయినవారు, అదే దారిలో పనికి వెళ్ళినవారు, అదే డిపోలో ముప్పై ఏళ్ళు డ్రైవరుగా చేసి రిటైరైనవారు. నిజానికి యాత్రలో డ్రైవర్లు, కండక్టర్లుగా కూర్చొనేవారిలో చాలామంది ఆ పని చేసి విరమించినవారే. వీరితో పాటే ఆ పనితనం కూడా పోతున్నది. పాత క్రాష్ గేరు బండిని రెండుసార్లు క్లచ్ తొక్కి శబ్దం రాకుండా గేరు మార్చడం పుస్తకం చదివి నేర్చుకొనేది కాదు. పక్కన కూర్చొని చూసి నేర్చుకోవాలి.

ఇంబర్ గ్రామ యాత్ర

ఈ యాత్రలన్నిటిలో విలక్షణమైనది విల్ట్‌షైర్‌లోని ఇంబర్ గ్రామానికి జరిగేది. ఇంబర్‌లో జనం లేరు. సాల్స్‌బరీ మైదానం నడుమ, దగ్గరి పట్టణమైన వార్మిన్‌స్టర్‌కు దాదాపు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ పల్లె చుట్టూ భూములను సైనిక శాఖ 1920ల చివరి నుండి కొంటూ వచ్చింది. 1943 నవంబరు 1న ఊరివారిని బడిలో సమావేశపరచి, 47 రోజులలో ఊరు ఖాళీ చేయాలని చెప్పారు. ఐరోపా దండయాత్రకు సిద్ధమవుతున్న అమెరికా సైనికుల శిక్షణకు ఆ ప్రాంతం కావలసి వచ్చినది. సుమారు 150 మంది క్రిస్మస్‌కు ముందే వెళ్ళిపోయారు. యుద్ధం ముగిసిన తరువాత తిరిగి రావచ్చునని వారు నమ్మారు. వంటింట్లో సరుకులు కూడా వదిలి వెళ్ళినవారున్నారని చెబుతారు. ఊరి కమ్మరి తన దాగలి మీద తల వాల్చి ఏడుస్తూ కనిపించాడని, ఊరు విడిచిన కొద్ది వారాలకే మరణించి, తిరిగి ఇంబర్‌కు వచ్చినవారిలో మొదటివాడు శవంగానే వచ్చాడని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు.

వారిని ఎన్నటికీ రానివ్వలేదు. 1961 జనవరిలో రెండు వేలకు పైగా ప్రజలు ఊరిలోకి ఊరేగింపుగా వెళ్ళి నిరసన తెలిపారు. విచారణ జరిగినది గాని తీర్పు సైన్యానికే అనుకూలంగా వచ్చినది. సంవత్సరానికి ఒకసారి చర్చిలో ప్రార్థన జరుపుకొనే హక్కు మాత్రం దక్కినది. ఇళ్ళు గుండ్ల దెబ్బలకు కూలిపోగా, 1970లలో సైనికుల శిక్షణ కోసం కిటికీలు, తలుపులు లేని ఖాళీ ఇళ్ళ డొల్లలు కట్టారు. సెయింట్ గైల్స్ చర్చి మాత్రం కంచె నడుమ నిలిచి ఉన్నది. దాని సంరక్షణ 2005లో చర్చిల పరిరక్షణ ట్రస్టుకు అప్పగించబడినది.

2009లో కొందరు బస్సు ఔత్సాహికులు, బస్సు ఎన్నడూ వెళ్ళలేని చోటికి బస్సు నడపాలన్న సరదా పందెంతో ఇంబర్‌ను ఎంచుకొన్నారు. వీరిలో ఒకరు అప్పటి లండన్ రవాణా సంస్థ కమిషనరు పీటర్ హెండీ. ఈయన సొంతంగా రూట్‌మాస్టర్ కలిగిన వ్యక్తి. 2024లో బ్రిటన్ రైల్వే మంత్రి అయ్యారు. వారు దీనిని వినోద యాత్రగా కాక, చట్టప్రకారం నమోదైన ప్రజా రవాణా మార్గంగా పెట్టారు. నంబరు 23ఎ. ఏటా ఆగస్టులో ఒక శనివారం వార్మిన్‌స్టర్ రైల్వే స్టేషను నుండి ఎర్ర బస్సులు వరుసగా బయలుదేరి, మామూలుగా ప్రవేశం లేని సైనిక రోడ్ల మీదుగా ఇంబర్‌కు, అక్కడి నుండి మైదానం ఆవలి పల్లెలకు వెళ్తాయి. మొదట నాలుగైదు బస్సులతో ఆరంభమైన సేవలో తరువాతి సంవత్సరాలలో ఇరవైకి పైగా బస్సులు పాల్గొన్నాయి. దారి పక్కన పేలని గుండ్లు ఉండవచ్చునన్న హెచ్చరిక బోర్డులు, పాడుబడిన ట్యాంకులు కనిపిస్తాయి. రోడ్డు దిగి అడుగు పెట్టరాదు. వచ్చిన సొమ్ము చర్చి నిర్వహణకు, సైనిక సంక్షేమ సంస్థకు ఇస్తారు.

ఇది పూర్వమార్గమా కాదా అన్న ప్రశ్న ఔత్సాహికులలో ఉన్నది. లండన్ రూట్‌మాస్టర్‌కు ఇంబర్‌తో పూర్వసంబంధమేమీ లేదు కనుక కచ్చితమైన అర్థంలో కాదు. కాని ఏ ఊరికైనా బస్సు రావడమంటే ఆ ఊరు లెక్కలో ఉన్నదని అర్థం. 23ఎ గమ్యఫలకం మీద ఇంబర్ పేరు చదివినవారికి, అక్కడ పుట్టి అక్కడ సమాధి కావాలని కోరుకొన్న కుటుంబాల వారసులకు, ఆ ఒక్క రోజు ఆ ఊరు మళ్ళీ లెక్కలోకి వస్తున్నది. పందెంగా మొదలైన పని ఇంత బరువును మోయడం నిర్వాహకులు కూడా ఊహించి ఉండరు.

చట్టం, విమర్శ

రూట్‌మాస్టర్‌ను సాగనంపడానికి కారణాలు బలమైనవే. చక్రాల కుర్చీ వాడేవారు, పసిపిల్లల బండి తోసుకొని వచ్చేవారు దానిని ఎక్కలేరు. తెరచిన మెట్టు మీద నుండి పడి మరణించినవారున్నారు. అంగవైకల్యం గలవారు అందరితో సమానంగా ప్రయాణించడానికి వీలుగా 2000 సంవత్సరపు నిబంధనలు రూపొందాయి. సాధారణ సేవలలోని డబుల్ డెక్కర్లన్నీ 2017 జనవరి 1 నాటికి వాటిని పాటించవలసి వచ్చినది. రూట్‌మాస్టర్ అభిమానులు ఈ విషయాన్ని తేలికగా తీసుకొన్న సందర్భాలు లేకపోలేదు. ఎక్కగలిగినవాడి ఆనందం, ఎక్కలేనివాడి హక్కు ఒకే తూకంలో పెట్టదగినవి కావు.

అయితే అదే నిబంధనలలో ఒక చిన్న వెసులుబాటు ఉన్నది. మొదటి వాడకం నుండి 20 సంవత్సరాలు దాటిన బస్సు, ఒక క్యాలెండరు సంవత్సరంలో 20 రోజులకు మించకుండా ప్రజాసేవలో తిరిగితే, దానికి ఈ నిబంధనలు వర్తించవు. రన్నింగ్ డేలకు ప్రాణం పోసింది ఈ 20 రోజుల లెక్కే. రోజువారీ బస్సు అందరిదీ కావాలి, పాత బస్సు అప్పుడప్పుడు రావచ్చు అన్న పరిష్కారం ఇందులో ఉన్నది.

దీనికి తోడు 40 సంవత్సరాలు దాటిన వాహనాలను చారిత్రక వాహనాలుగా గుర్తించి రోడ్డు పన్ను మినహాయిస్తారు. ఆ వర్గంలో నమోదైనవాటికి లండన్‌లో 2019లో వచ్చిన కాలుష్య రుసుము నుండి కూడా మినహాయింపు కలదు. టికెట్టు డబ్బు తీసుకొని నడపాలంటే మాత్రం ప్రజా రవాణా లైసెన్సు, తగిన డ్రైవరు, తనిఖీ అన్నీ కావలసిందే. 30 ఏళ్ళు దాటిన బస్సును డబ్బు తీసుకోకుండా, ఎనిమిది మందికి మించి ఎక్కించకుండా ఉంటే, 21 ఏళ్ళు నిండిన మామూలు కారు లైసెన్సుదారుడు కూడా నడపవచ్చు. షెడ్డు నుండి ప్రదర్శన వరకు బండిని చేర్చడానికి ఈ వీలు ఉపయోగపడుతుంది.

డీజిలు పొగ గురించిన విమర్శ నానాటికీ పెరుగుతున్నది. ఏడాదికి కొన్ని రోజులే తిరిగే బండ్ల పొగ లెక్కలోనిది కాదని ఔత్సాహికులు జవాబు చెబుతారు. దీనికంటె వారిని ఎక్కువగా వేధించే సమస్య స్థలం. పట్టణాల అంచున ఉన్న షెడ్ల అద్దె పెరిగేకొద్దీ, యజమానులు వృద్ధులయ్యేకొద్దీ బస్సులు చేతులు మారుతున్నాయి. కొనేవారు లేనివి విడిభాగాలవుతున్నాయి.

భారతదేశంలో

ఇటువంటి యాత్రకు కావలసిన చరిత్ర మన నగరాలకు లేకపోలేదు. హైదరాబాదులో ప్రభుత్వ బస్సు రవాణా 1932 జూన్‌లో నిజాం రైల్వేలో భాగంగా 27 బస్సులతో మొదలైనది. అంటే లండన్ ట్రాన్స్‌పోర్టు సంస్థ పుట్టిన 1933 కంటె ఒక సంవత్సరం ముందు. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో భద్రపరచబడి ఉన్నది. డబుల్ డెక్కర్లు నగరంలో దశాబ్దాలపాటు తిరిగి, 2000 దశకపు తొలి సంవత్సరాలలో ఆగిపోయాయి. ఫ్లైఓవర్లు, తక్కువ ఎత్తు తీగలు, నిర్వహణ వ్యయం కారణాలుగా చెప్పబడ్డాయి. 2020 నవంబరులో ఒక నగరవాసి 7జెడ్ మార్గాన్ని గుర్తుచేస్తూ ట్విట్టరులో వ్రాయగా, అప్పటి మంత్రి కె.తారక రామారావు తన ఆబిడ్స్ బడి రోజులను తలచుకొంటూ స్పందించారు. దాని ఫలితంగా 2023 ఫిబ్రవరిలో మూడు విద్యుత్ డబుల్ డెక్కర్లు వచ్చాయి. ఇవి పూర్తిగా కొత్త బండ్లు. పాతవి ఎప్పుడో తుక్కయిపోయాయి. ముంబైలో 1937 నుండి తిరిగిన డబుల్ డెక్కర్ల వరుసలో చివరి డీజిలు బండి 2023 సెప్టెంబరు 15న విరమించినప్పుడు జనం దండలు వేసి, ఫొటోలు దిగి సాగనంపారు. ఆసక్తి లేదనడానికి వీలులేదని దీనివలన తెలుస్తున్నది.

కొరత అంతా వేరే చోట ఉన్నది. భారత ప్రభుత్వం 2021 జూలైలో వింటేజి వాహనాల కోసం ప్రత్యేక నమోదు నియమాలు తెచ్చింది. 50 సంవత్సరాలు దాటిన వాహనాలకు 'వి.ఎ.' అక్షరాలతో నంబరు ఇస్తారు. కాని ఇవి ద్విచక్ర వాహనాలకు, వాణిజ్యేతర కార్ల తరగతికి పరిమితం. బస్సు వీటి పరిధిలోకి రాదు. మరొకవైపు 2023 ఏప్రిల్ 1 నుండి 15 సంవత్సరాలు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదు రద్దు చేయబడుతున్నది. రవాణా సంస్థల బస్సులు కూడా ఇందులోకి వస్తాయి. కాలుష్యం, భద్రత దృష్ట్యా ఈ నియమానికి కారణాలున్నవి. కాని 15 ఏళ్ళకు తుక్కు కావలసిన బస్సు 50 ఏళ్ళ వారసత్వ వాహనం ఎన్నటికీ కాజాలదు. బస్ భవన్‌లోని ఆల్బియన్ నిలబడి ఉండడానికి ఎవరో ఆనాడు దానిని పక్కన పెట్టడమే కారణం గాని, ఏ నియమమూ కాదు.

బ్రిటన్‌లో చట్టం వదిలిన 20 రోజుల సందు వంటిది మన వద్ద లేనంతవరకు ఏ ఔత్సాహికుడైనా పాత ఆర్టీసీ బస్సును కొని బాగుచేసినా దానిని ప్రాంగణం దాటించడం కష్టం. ఇప్పటికి తిరుగుతున్న పల్లెవెలుగు బస్సులలోనైనా ప్రతి రకానికి ఒకటి చొప్పున, దాని బోర్డు, టికెట్ యంత్రం, టైంటేబులుతో సహా పక్కన పెట్టడానికి రవాణా సంస్థలకు ప్రత్యేక ఖర్చేమీ కాదు. కండక్టర్లు చేతితో చించి, పంచ్ కొట్టి ఇచ్చిన రంగు టికెట్లు టిమ్ యంత్రాలు వచ్చిన తరువాత కనుమరుగైనవి. వాటి కట్టలు కొందరు విశ్రాంత ఉద్యోగుల ఇళ్ళలో ఇంకా ఉన్నాయి.